ఖాళీ డబ్బా బరువు

కొత్త కోరంగి స్థావరం, చంద్రుని దక్షిణపు అంచు
ఒప్పుదల పరిశీలన గది దినచర్య. రాస్తున్నది హైమవతి.

నమోదు 318

ఈ ఉదయం వరుసలో ముందు కూర్చున్నది పైడమ్మ గారు. భోజనశాలలో వంట ఆమె చేతి మీదుగానే జరుగుతుంది. చింతపండు కొనాలని వచ్చారు. స్థావరాన్ని కప్పిన గోపురం కింద తోట గదుల్లో కరివేపాకు, మిరప, టమాటా, నిమ్మ పండుతున్నాయి గాని, చింతచెట్టు వేళ్లకు చాలినంత మట్టి మా దగ్గర ఇంకా లేదు.

“డెలివరీ ఉచితమని ఇంతేసి అక్షరాల్తో రాసీసి ఉన్నాది కదమ్మా. నొక్కీమంటారా?”

“ఆఖరి పేజీ చూడకుండా ఏదీ నొక్కవద్దు, పైడమ్మ గారూ. కోత ఎప్పుడూ అక్కడే బయటపడుతుంది.”

ముంగిలి అంగడి వారి పేజీలు ఒక్కొక్కటిగా జరిపాను. మూడో పేజీలో, చిరునామా కింద, ఒక చిన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది: ‘ముంగిలి బంధువుగా చేరుతున్నాను.’ చేరితే ఈ నెల డెలివరీ ఉచితం. వచ్చే నెల నుంచి వాళ్లు ఎంచిన సరుకుల డబ్బా ఒకటి, మనం అడగకపోయినా, వస్తూనే ఉంటుంది. టిక్కు తీసేశాను. వెంటనే అరకిలో చింతపండు మీద కిలోన్నర చేరవేత కోత పడింది. ‘వద్దు’ అనే బొత్తాం ఉండవలసిన చోట లేత బూడిదరంగులో ఒక వాక్యం కనిపించింది: ‘నా కుటుంబానికి ఆదా అక్కర్లేదు.’

“ఓలమ్మో! నా సంసారం సంగతి ఆడికెందుకట?” అన్నారు పైడమ్మ గారు. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు.

ఇక్కడ అంగళ్లు కోసుకునేది బరువునే. నెలకొక సరుకు నౌక వస్తుంది. దాన్ని అందరూ పడవ అనే అంటారు. అందులో కొత్త కోరంగి వాటా నాలుగు వందల కిలోలు. ప్రతి చందా, ప్రతి డెలివరీ కోత ఆ వాటాలోంచే పోతుంది. అందుకే ఏది కొనాలన్నా ముందు ఈ గదికి రావాలని స్థావరం నియమం పెట్టుకుంది. కొనుగోలు ముద్ర కూడా ఒంటిపూటదే. ఒక్క కొనుగోలుకు పనిచేసి, సాయంత్రానికి చచ్చిపోతుంది. దాన్ని దాచిపెట్టుకుని వచ్చే నెల మళ్లీ వాడుకోవడం ఏ అంగడికీ వీలుకాదు.

చింతపండు రద్దు చేశాం.

“మళ్లీ టమాటా పులుసే. చింతపండు లేని పులుసు పులుసేటమ్మా,” అంటూ ఆమె లేచారు. గుమ్మం దగ్గర ఆగి, “మీరు దిగులెట్టుకోకండి. నాకన్నా మీ మొహమే చిన్నబోయినాది,” అన్నారు.

నమోదు 319

డాక్టర్ రెహానా గారు వరుసలో నిలబడకుండా నేరుగా లోపలికి వచ్చారు. ఆమె ఎన్నడూ అలా చేయరు.

పైడమ్మ గారి భర్త సింహాచలం గారు స్థావరంలో నీటి పంపులు చూసే మనిషి. ఆయన మూత్రపిండాలు పనిచేయడం మానేసి చాలా కాలమైంది. వైద్యశాలలోని డయాలిసిస్ యంత్రం మీద ఆధారపడి బతుకుతున్నారు.

“ఈ పడవలో వచ్చిన ఫిల్టర్లలో సగానికి సీలు పగిలింది, హైమవతి గారూ. వాటిని వాడలేను. మంచివి వచ్చే పడవ దాకా సరిపోతాయి. ఆ పై పడవ దాకా రావు.”

“వచ్చే పడవలోనే తెప్పిద్దాం. బరువెంత?”

“తొమ్మిది కిలోలు.”

ఒంటిపూట ముద్రతో నేనే కొనుగోలు చేశాను. జవాబు వెంటనే వచ్చింది: ‘వచ్చే పడవలో మీ వాటా నిండిపోయింది. చోటు ఖాళీ కాకపోతే ఆ పై పడవలో పంపుతాం.’

ఎక్కింపు పట్టిక తెరిచి చూశాను. సువాసన కొవ్వొత్తులున్నాయి. గోపురం కింద నిప్పు వెలిగించడం నిషేధం. పిల్లుల ఇసుక ఉంది. ఈ స్థావరంలో పిల్లి లేదు. గొడుగులు ఉన్నాయి. చంద్రుడి మీద గొడుగులు! ఈ గది ఏర్పడక ముందు, ఉచిత నమూనాలను నమ్మి జనం తెలియక కట్టిన చందాలివి. పోయిన నెల ప్రతి ఇంటివారినీ కూర్చోబెట్టుకుని అన్నిటినీ రద్దు చేయించాను. రద్దు అందిందని అంగడి ఇచ్చిన జవాబులన్నీ నా దగ్గర ఉన్నాయి. అయినా పట్టికలో దాదాపు ప్రతి చందా వస్తువు పక్కనా ఒకటే మాట ఉంది: ‘కొనసాగుతోంది.’

“అంటే గొడుగుల కోసం మనిషిని వదిలేస్తారా?” అన్నారు రెహానా గారు.

దారి వెతుకుతానని చెప్పాను.

నమోదు 320

అంగడి ప్రతినిధితో మాట్లాడాను. ప్రతినిధి మనిషి కాదు. ‘మీ ఇబ్బంది మాకు బాగా అర్థమైంది’ అనే మాటను ఒకే స్వరంతో చాలాసార్లు చెప్పి, చివరకు ఒక అవకాశం చూపించింది. స్థావరం మొత్తం ‘అత్యవసర బంధువు’గా చేరితే, ఫిల్టర్లు వచ్చే పడవలోనే ఎక్కుతాయి. డెలివరీ ఉచితం. పడవ మా రేవు విడిచే క్షణం వరకే ఈ అవకాశం. తెర మూలన గడియారం వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

షరతులు చివరి దాకా చదివాను. చేరిన నాటి నుంచి మా వాటాలో సగం అంగడి ఎంచిన సరుకులకు పోతుంది. గడువు లేదు. మానుకోవాలంటే ప్రతినిధితో రెండు గంటలు ఆగకుండా మాట్లాడాలి. మా సంకేతం గంట తిరగకుండానే తెగిపోతుంది. ఆ సంగతి వారికి తెలియకుండా ఆ షరతు రాసి ఉంటారని నేననుకోను.

రెహానా గారు నా భుజం మీదుగా చూస్తూ నిలబడ్డారు.

“నొక్కేయండి. బాధ్యత నాది.”

“సగం వాటా పోతే గాలి జల్లెడలు, విత్తనాలు, మీ మందులు, అన్నీ మిగిలిన సగంలో ఇమడాలి డాక్టర్ గారూ. ఈ పడవకు సింహాచలం గారు గట్టెక్కుతారు. పై పడవల్లో ఎవరి మందు ఆగిపోతుందో ఇందులో రాసి లేదు.”

“ఎవరో తెలియనివాళ్ల సంగతి నాకు వద్దండీ. మంచం మీదున్న మనిషి నాకు కనిపిస్తున్నాడు.”

“నాకూ కనిపిస్తున్నారు. వేరే దారి దొరక్కపోతే పడవ కదిలే లోపు నేనే నొక్కుతాను. ఆ రోజుకు ముద్ర సిద్ధంగా ఉంచుతాను.”

ఆమె వెళ్తూ వెళ్తూ గడియారం వైపు ఒకసారి చూశారు.

నమోదు 321

కొనసాగుతున్న చందాల మీదే కళ్లు పెట్టి ఇన్నాళ్లూ పొరపాటు చేశాను. ఇవాళ పట్టికను తిరగేసి, ఆగినవేమైనా ఉన్నాయా అని చూశాను. ఒక్కటంటే ఒక్కటే ఆగింది. రెహానా గారి పాదాల నూనె.

“మీరు ప్రత్యేకంగా ఏమైనా చేశారా?”

“ఏమీ లేదండీ. అందరిలాగే మీ ముందు రద్దు చేశా. నూనె వాడేసి, డబ్బా స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి పంపేశా. వైద్యశాల అలవాటు.”

అంగడి డబ్బాలను వచ్చిన పడవలోనే తిప్పి పంపాలి. పంపకపోతే డబ్బా బరువు కూడా మన వాటాలో కోస్తారు. అది తెలిసిన సంగతే గనుక, ఆ మాటను నేను అప్పటికి పట్టించుకోలేదు.

మధ్యాహ్నం భోజనశాలకు వెళ్లాను. పైడమ్మ గారు చాటుగా మళ్లీ ఏమైనా నొక్కారేమో మెల్లగా అడగాలని నా ఉద్దేశం. ఆమె పిల్లుల ఇసుక డబ్బాను తిప్పి పంపడానికి తుడుస్తున్నారు. భోజనశాల పేరు మీద వచ్చేది కనుక స్థావరంలో అదే పెద్ద డబ్బా. తుడవడం అయ్యాక కొంగుతో చెయ్యి అద్దుకుని, గట్టు మీద నుంచి కరివేపాకు రెమ్మలు, నాలుగు పచ్చిమిరపకాయలు తీసి అడుగున సర్ది మూత వేశారు.

“అవెందుకు, పైడమ్మ గారూ?”

ఆమె నా వైపు వింతగా చూశారు. “అదేటమ్మా అలగడుగుతారు? ఒకరింటి నుంచి వొచ్చిన గిన్ని ఒట్టిది పంపుతామేటి? మా అమ్మ చూస్తే చెయ్యి ఇరిచీదు. ఇక్కడ ఎవులింట్లో పంపుతారో చెప్పండి చూద్దాం.”

డాక్టరు గారు తప్ప ఎవరూ పంపరు. అడగవలసిన అవసరం కూడా లేదు. నా చిన్న డబ్బా అప్పటికే రేవులో ఉంది. అందులో ఎండబెట్టిన నిమ్మచెక్కలు రెండు ఉన్నాయి. పెట్టింది నేనే.

మూత తీయించి లోపలి వైపు చూశాను. ‘డబ్బా కడిగే విధానం’ అనే శీర్షిక కింద, సబ్బునీటి గురించి, ఆరబెట్టడం గురించి రాశాక, అదే వరుసలో మరో వాక్యం: ‘తిరిగి వచ్చిన డబ్బాలో శేషం ఉన్నట్టు తూకంలో తేలితే, సరుకు వినియోగంలో ఉన్నట్టు గ్రహించి మళ్లీ నింపుతాం. అంతకు ముందు చేసిన రద్దు ఉపసంహరించుకున్నట్టు భావిస్తాం.’

కొనుగోలు షరతుల్లో ఈ మాట ఎక్కడా లేదు. గిన్నె కడగడం మనకు ఒకరు చెప్పాలా అనుకుని ఎవరూ చదవని చోట రాశారు.

నమోదు 322

పడవ కదలడానికి ఇంక ఒక్క పూట ఉంది. డబ్బాలు అప్పటికే దాని పొట్టలో పేర్చి ఉన్నాయి. ఎవరి డబ్బా వారి వేలిముద్రకే తెరుచుకుంటుంది. గోపురమంతా వినిపించేలా ప్రకటన చేయించి, అందరి చేత చందాలు మళ్లీ రద్దు చేయించి, రేవుకు పిలిచాను.

మూతలు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. ఒకరి డబ్బాలో బెల్లం ముక్క, ఒకరి డబ్బాలో పసుపు కొమ్ము. గొడుగులు వచ్చిన డబ్బాలో, కాగితంలో చుట్టిన చిటికెడు మిరియాలు. ఒక్కొక్కరూ తాము పెట్టినది తీసుకుని, గుడ్డతో డబ్బా తుడిచి, తలవంచుకుని పక్కకు జరిగారు. ఏదో మర్యాద తప్పిన పని అందరం కలిసి చేస్తున్నట్టు అనిపించింది.

పైడమ్మ గారు మాత్రం తమ డబ్బా మీద చెయ్యి వేసి కదలలేదు.

“నాను తియ్యనమ్మా. మనిషి మంచాన ఉన్నప్పుడు ఒట్టి డబ్బా గడప దాటిస్తానేటి? ఏదైనా అయితే ఆ ఊసు జల్మంతా నన్ను తినీదా?”

“అది గిన్నె కాదు, పైడమ్మ గారూ. దాన్ని తూచేది యంత్రం. మీరు పెట్టిన రెమ్మ బరువు చూసి, మీకు ఇంకా ఇసుక కావాలనుకుంటుంది.”

“యెంత్రం తూస్తాది సరే. కడిగీది కూడా యెంత్రమేనా? ఎగువ రేవులో ఎవులో ఒక మనిషి కడుగుతారు కదా. ఆళ్లేటనుకుంటారు?”

చంద్రుని చుట్టూ తిరిగే ఎగువ రేవులోనే డబ్బాలు దిగుతాయి, తూగుతాయి, వచ్చే పడవకు సరుకు ఎక్కుతుంది. అక్కడ మనుషులు పనిచేస్తారని నాకు తెలుసు. వారి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఇద్దరం వైద్యశాలకు వెళ్లాం. సింహాచలం గారు యంత్రం గొట్టాలు తగిలించుకుని కూర్చుని, దూరంగా మోగుతున్న పంపు చప్పుడు వింటున్నారు. మంచం పక్కన రెహానా గారు ఉన్నారు. తెరను ఆయన ఎదుట పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డబ్బాలు ఖాళీగా వెళ్తే చందాలన్నీ ఆగిపోయి, ఫిల్టర్లకు చోటు దొరుకుతుందని నేను నమ్ముతున్నాను. సాక్ష్యం డాక్టరు గారి డబ్బా ఒక్కటే. తూకం పడేది పడవ వెళ్లాక. ‘అత్యవసర బంధువు’ అవకాశం ముగిసేది పడవ కదిలినప్పుడు. అంటే తూకం ఫలితం తెలియకముందే తేల్చుకోవాలి. నేను చదివి అర్థం చేసుకున్నది తప్పయితే నష్టపోయేది ఆయనే.

“నొక్కితే?” అన్నారు.

“మీకు ఫిల్టర్లు వస్తాయి. ఊరి వాటాలో సగం ఎప్పటికీ పోతుంది.”

“నొక్కడమే మంచిది,” అన్నారు రెహానా గారు మెల్లగా.

ఆయన నన్నే చూశారు. “అమ్మా, మీరు కడదాకా చదివేరు కదా?”

“చదివాను. మూత లోపలిది కూడా.”

“అయితే నొక్కకండి. నాను పంపు ఇప్పీటప్పుడు బోల్టు లెక్క చూసుకునే ఇప్పుతాను. మీదీ అలాటి పనే.” తరవాత భార్య వైపు తిరిగారు. “ఒసే పైడీ, ఆ డబ్బాలో ఉన్నది తీసీయే.”

“ఒట్టిది పంపమంటావేటి? నీకు భయం లేదేటి?”

“ఇల్లరికం నీ ఇంటికి ఒట్టి చేతుల్తోనే వొచ్చేను కదే. మీ అమ్మేటి, తిప్పి పంపీసిందా?”

“పంపీవల్సింది,” అన్నారు పైడమ్మ గారు. కళ్లు తుడుచుకుని, నవ్వుతూనే రేవు వైపు నడిచారు.

రెమ్మలు, మిరపకాయలు బయటికి వచ్చాయి. డబ్బాను ఆమె తుడిచిన చోటే మళ్లీ తుడిచారు. మూత పడింది. పడవ తలుపు మూసుకుంది. తెర మీద గడియారం సున్నాకు చేరుతుంటే, ముద్ర నా వేలి కిందే ఉంది. పడవ కదిలింది. అవకాశం చెరిగిపోయింది. సాయంత్రానికి ముద్ర దానంతట అది చచ్చిపోయింది.

నమోదు 325

పడవ ఎగువ రేవుకు చేరింది. తూకం మొదలైందన్న సంకేతం వచ్చింది.

రెహానా గారు, పైడమ్మ గారు నా గదిలోనే కూర్చున్నారు. పట్టికలో మొదటి మార్పు కోసం చాలాసేపు ఎదురుచూశాం. మధ్యలో సంకేతం తెగిపోయింది. తెర చీకటిగా ఉన్నంతసేపూ పంపు శబ్దం వినిపిస్తూ ఉంది. సింహాచలం గారు మంచం మీద నుంచే దాన్ని నడిపిస్తున్నారు.

తెర వెలిగేసరికి కొవ్వొత్తుల పక్కన ‘ముగిసింది’ అని ఉంది. తరవాత గొడుగులు ముగిశాయి. నా నిమ్మచెక్కల డబ్బా ముగిసింది. ఒక్కో చందా ఆగిన కొద్దీ ఖాళీ బరువు పెరుగుతోంది గాని, ఫిల్టర్ల పక్కన మాత్రం అదే మాట ఉంది: ‘బరువు చాలదు.’ చిన్న డబ్బాలన్నీ అయిపోయాయి. మూడు కిలోలు ఇంకా తక్కువ. మిగిలింది పిల్లుల ఇసుక ఒక్కటే.

అది ‘తూకంలో ఉంది’ అన్న దగ్గర ఆగిపోయింది.

“తుడిచేనమ్మా,” అన్నారు పైడమ్మ గారు. “చుక్క తడి కూడా లేకుండా తుడిచేను. నా మొగుడి మీదొట్టు.”

“నాకు తెలుసండీ,” అన్నాను.

రెహానా గారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

‘ముగిసింది.’

ఒక్క క్షణం తరవాత, అట్టడుగు వరుసలో: ‘డయాలిసిస్ ఫిల్టర్లు. ఎక్కించబడినవి.’

పైడమ్మ గారు లేచి, సింహాచలం గారికి చెప్పడానికి పరుగెత్తారు. చంద్రుడి మీద పరుగంటే గెంతడమే. వాకిట్లో ఆమె తల గుమ్మానికి తగిలిన చప్పుడు, వెంటనే ఆమె గుమ్మాన్ని తిట్టిన తిట్టు ఇద్దరం విన్నాం. రెహానా గారు నవ్వడం మొదలుపెట్టి, చాలాసేపటి దాకా ఆపుకోలేకపోయారు.

నమోదు 341

పడవ వచ్చింది. ఫిల్టర్ల పెట్టెను అందరికంటే ముందు నేనే తూచాను. పట్టికలో ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ తూగింది.

“తెరవకండి,” అన్నాను రెహానా గారితో, పైడమ్మ గారితో.

రెహానా గారి చెయ్యి మూత మీదే ఆగిపోయింది. అడగని వస్తువు ఏది లోపల ఉన్నా, అది ఉచిత నమూనా కావచ్చు. తీసి వాడితే చందా మొదలవుతుంది. సింహాచలం గారి చివరి ఫిల్టరు నిన్ననే అయిపోయింది. అయినా పెట్టె నాలుగు వైపులా, అడుగున, అంచుల మీద ఉన్న ప్రతి అక్షరం చదివే దాకా వారిని ఆపాను. వైద్య సరుకు. ఒక్కసారి కొనుగోలు. నమూనాల ప్రస్తావన ఎక్కడా లేదు. అప్పుడు మూత తీయమన్నాను.

ఫిల్టర్లన్నీ సీలుతో క్షేమంగా ఉన్నాయి. రెహానా గారు వాటిని తీసుకుని వెళ్లిపోయారు. పెట్టె మూలన, పని బట్టల నుంచి చించిన నీలం గుడ్డముక్కలో ఒక చిన్న మూట మిగిలింది. దాని మీద అంగడి గుర్తు లేదు, సంఖ్య లేదు. ముడి చేత్తో వేసినది. పైడమ్మ గారు విప్పారు.

చింతపండు. పిడికెడు. గింజలు, ఈనెలు ఎవరో ఓపికగా తీసి, ముద్ద చేశారు.

మేం కొనాలనుకున్నవీ రద్దు చేసుకున్నవీ అన్నీ ఎగువ రేవులో ఎవరి కళ్ల ముందో పట్టికలో పడి ఉంటాయి, ఆ చింతపండుతో సహా. మా డబ్బాలను ఇన్నాళ్లుగా కడుగుతున్నవారికి, మా కరివేపాకు వాసన తెలిసినవారికి, ఒకేసారి అన్నీ ఖాళీగా రావడం చూసి ఇక్కడ ఏదో జరిగిందని అనిపించి ఉంటుంది. ఇది నా ఊహ. నిర్ధారించుకునే మార్గం లేదు.

పైడమ్మ గారు ముద్దను వాసన చూసి, ఖాళీ పెట్టె వైపు, నా వైపు చూశారు. ఆమె రెండో చేతిలో కరివేపాకు రెమ్మ అప్పటికే ఉంది.

“అడుగుతున్నానమ్మా. మీరు వద్దంటే పెట్టను.”

పెట్టె మూత లోపలి వైపు చదివాను. కడిగే విధానం చదివాను. మొదటి నుంచి మళ్లీ చదివాను. వైద్య సరుకు పెట్టెలను తిప్పి పంపేటప్పుడు తూచరు.

“పెట్టవచ్చు,” అన్నాను. “ఒక్క నిమిషం ఆగండి.” నా గదికి వెళ్లి వచ్చాను.

తిరుగు పడవలో వెళ్తున్న వైద్య పెట్టె వివరం: కరివేపాకు ఒక రెమ్మ, ఎండు నిమ్మచెక్కలు రెండు. చందా లేదు. చేరవేత కోత లేదు.